మనవాళ్ళ రేటు

బాబాయ్ వయసులో పంతులమ్మ కంటే చిన్నవాడు. అయినా ఆవిడ అతణ్ణి బాబాయ్ అనే పిలిచేది. ఇందులో వింతేముంది, మనవాళ్ళు రైల్లో పక్క సీటు మనిషితో కూడా రెండు స్టేషన్లు దాటేలోపు వరస కలిపేసుకుంటారు కదా అంటారా? నిజమే. ఆ అలవాటునే పెట్టుబడిగా పెట్టుకుని ఒక పెద్దమనిషి వ్యాపారం చేస్తున్నాడన్నదే ఇక్కడ బాధ.

పంతులమ్మ మన దగ్గర ఒక ప్రైవేటు బళ్ళో ఇంగ్లీషు చెప్పేది. యాజమాన్యాలు మారాయి, పిల్లల యూనిఫాం రంగులు మారాయి, ఆవిడ జీతం మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టు ఉండిపోయింది. భర్త కుట్టుమిషన్ల మెకానిక్కు. పనిలో దిట్ట, డబ్బు అడగడంలో మహా మెతక. కూతురు తొమ్మిదో తరగతి. విదేశంలో ఇంగ్లీషు టీచర్లు కావాలి, వర్క్ వీసా మేమే ఇప్పిస్తాం, స్థిరపడ్డాక కుటుంబాన్ని కూడా పిలిపించుకోవచ్చు అన్న ప్రకటనను తల్లికి చూపించింది ఆ పిల్లే. వీసాకని దాచుకున్నదంతా ఊడ్చి కట్టేశారు. కుటుంబాన్ని పిలిపించుకోవచ్చు అన్న ఆ చివరి ముక్క లేకపోతే పంతులమ్మ విమానం మెట్టు ఎక్కేదే కాదు.

దిగిన రోజున ఆవిడతో పాటు వచ్చిన టీచర్లలో ఎవరో, తమకు ఎదురొచ్చిన ఆ ప్రకటన తాలూకు పెద్దమనిషిని "సార్" అన్నారు. అతను రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"సార్ ఏంటమ్మా, సార్! పరాయి దేశంలో మనకి మనమే కదా. బాబాయ్ అనండి చాలు, కడుపు నిండిపోతుంది."

తెలియని చోట, తెలియని భాష మధ్య, తెలుగులో ఆ మాట వినగానే అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులోనే అతను పాస్‌పోర్టులన్నీ ఒక సంచిలో వేసుకున్నాడు. ఇక్కడ జేబుదొంగలు ఎక్కువట, బాబాయ్ దగ్గరుంటే భద్రమట. ఏవేవో కాగితాల మీద సంతకాలు కూడా పెట్టించాడు. అవన్నీ అక్కడి లిపిలో ఉన్నాయి. వీటిలో ఏముందని అడగాలని పంతులమ్మకు నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే బాబాయ్ అని పిలిచి, మరుక్షణం అతణ్ణి దొంగను నిలదీసినట్టు నిలదీయడం ఎలా? మింగేసింది. సార్ అని పిలిచి ఉంటే సవాలక్ష ప్రశ్నలు వేసేది. అక్కడే పప్పులో కాలేసింది.

పని విషయంలో ఆవిడకు వంక పెట్టడానికి లేదు. అతని ఇంగ్లీషు సెంటరు ఒక భవనం మూడో అంతస్తులో ఉంది. గాజు పలకలతో విడదీసిన గదులు, ఒక గదిలో పాఠం పక్క గదిలో వినబడుతుంది. బ్యాంకు గుమస్తాలు, నర్సులు, హోటలు రిసెప్షన్లో పనిచేసేవాళ్ళు డ్యూటీ దిగి నేరుగా వచ్చి కూర్చునేవారు. పెదవి విప్పడానికి సిగ్గుపడే నర్సుల చేత పంతులమ్మ మూడు నెలల్లో ఫోన్లో దర్జాగా మాట్లాడించింది. సెంటరు ముందు గోడ మీద మాత్రం టై కట్టుకుని నవ్వుతున్న ఒక దొరగారి బొమ్మ ఉండేది. మీ టీచరు ఈయనే అని దాని కింద రాసి ఉండేది. ఆ దొరను ఎవరూ చూసిన పాపాన పోలేదు. ఆయన ఎప్పుడొస్తాడని కొత్త విద్యార్థులు అడిగినప్పుడల్లా పంతులమ్మకు ఒళ్ళు మండేది. ఆయన జీతం కూడా నాకే ఇమ్మనండి, రెండు పాఠాలూ నేనే చెప్తాను అనేది.

బస ఒక లాండ్రీ పైన గది. కింద మిషన్లు తిరుగుతున్నంతసేపూ నేల సన్నగా వణికేది. గదిలో తోడు ఒక చిన్న టీచరు. పెళ్ళి పెటాకులై, అన్న ఇంట్లో వదిన ముఖం చూస్తూ కూర్చోలేక వచ్చేసిన పిల్ల. పంతులమ్మను అక్కా అనేది. ఆ అక్కలో కల్తీ లేదు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు ఇద్దరి క్లాసులూ చెప్పేవారు.

జీతాలిచ్చే రోజున బాబాయ్ కవర్లు పంచేవాడు. ఇంటికి పంపాల్సిన డబ్బు అప్పటికప్పుడే వెనక్కి తీసుకునేవాడు. "బ్యాంకువాడు కోస్తాడు, డబ్బు మార్చే దుకాణంవాడు గీకుతాడు. మీకెందుకమ్మా ఆ తిప్పలు? మనకి మనవాళ్ళ రేటుంది" అనేవాడు. డబ్బు మర్నాటికల్లా ఇంటికి చేరేది, ఆ మాట ఒప్పుకోవాలి. ఎంత చేరేదన్న దగ్గరే పేచీ. ఒకరోజు భర్త ఫోన్లో ఆ ఊసు ఎత్తాడు.

"ఏమే, అమ్మాయి ఫోన్లో రేటు చూపించింది. దాని ప్రకారం చూస్తే మనకి బాగా తక్కువొస్తోందే?"

"ఫోన్లో చూపించే రేటు వేరండీ, చేతికొచ్చేది వేరు. ఆయన మనకోసం కాళ్ళరిగేలా తిరుగుతుంటే మీకు అనుమానాలా?"

"అనుమానం కాదే, లెక్క."

"సొంత మనిషిని లెక్క అడుగుతారా ఎవరైనా?"

"సొంత మనిషయితే మళ్ళీ రేటెందుకే?"

పంతులమ్మ ఫోన్ పెట్టేసింది. జవాబు లేనప్పుడు ఫోన్ పెట్టేయడం ఆవిడకు అలవాటు. మళ్ళీ తానే చేసి, కూర ఏం వండారని అడిగేది. ఆ రోజు మాత్రం చెయ్యలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు కూతురి పదో తరగతి ఫీజు వెంటనే కట్టాల్సి వచ్చింది. బాబాయ్ కొత్త టీచర్లను తీసుకురావడానికి వెళ్ళి ఊళ్ళో లేడు. నేనే పంపిస్తే పోలా అనుకుంది పంతులమ్మ. డబ్బు మార్చాలంటే పాస్‌పోర్టు చూపించాలి. సెంటరు ముందు గదిలో కూర్చునే అమ్మాయి ఆ దేశపుదే, పంతులమ్మ దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నదే. అడగ్గానే బీరువా తీసి చేతిలో పెట్టేసింది. "మీదే కదా, అడుగుతారేంటి?" అంది. ఆ మాటకు పంతులమ్మకు ఎందుకో సిగ్గేసింది. తన వస్తువు తాను అడగడానికి ఇన్నాళ్ళు పట్టిందా?

దుకాణం బస్టాపు పక్కనే ఉంది. ఇరుకు గది, అద్దం వెనక కళ్ళజోడు పెద్దాయన, నోట్లు లెక్కపెట్టడానికి వేలికి రబ్బరు తొడుగు. పైన బోర్డు మీద ఎర్ర అంకెల్లో అన్ని దేశాల డబ్బు రేట్లూ వెలుగుతున్నాయి. రోజూ ఆ బోర్డు ముందు నుంచే బస్సెక్కుతుంది. ఏనాడూ తలెత్తి చూడలేదు, మనకి మనవాళ్ళ రేటుంది కదా అని! ఇప్పుడు చూసింది. మనసులోనే హెచ్చవేత చేసింది, మళ్ళీ చేసింది. నెలనెలా తన కష్టంలో అయిదో వంతు గాల్లో కలిసిపోతోంది. బ్యాంకువాడు కోసినా, దుకాణంవాడు గీకినా ఇంతలో సగం కూడా పోదు.

ఆ మంట ఇంకా చల్లారకముందే పెద్దాయన పాస్‌పోర్టు వీసా పేజీ తిప్పి, కళ్ళజోడు పైనుంచి చూశాడు. ఆయనకు ఇంగ్లీషు బాగానే వచ్చు.

"మీరు చుట్టపుచూపుగా వచ్చారు కదా?"

"కాదు, ఉద్యోగానికి. నేను టీచర్ని."

"ఇందులో అలా లేదమ్మా. చుట్టాన్ని చూడ్డానికి వచ్చినట్టుంది. ఎవరిని చూడ్డానికో కూడా ఉంది. మీ నాన్నగారి తమ్ముణ్ణి."

"మా నాన్నకి తమ్ముళ్ళు లేరు."

పెద్దాయన ఆ అక్షరాల కింద వేలు పెట్టి చూపించాడు. ఏం లాభం, పంతులమ్మకు అవి చీమలు పాకినట్టు కనబడ్డాయి. ఎందరి కోడికెలుకుడు రాతనైనా ఇట్టే చదివి మార్కులు వేసిన మనిషి, తన వీసా మీద ఏముందో ఇంకొకరు చదివి చెప్తే వినాల్సి వచ్చింది.

"చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళు వాళ్ళ డబ్బు తెచ్చి ఇక్కడ ఖర్చుపెడతారు. మీరు ఇక్కడి డబ్బు మీ ఊరికి పంపుతానంటున్నారు. అదెలా వచ్చిందని రేపు నన్నడుగుతారు. మార్చలేనమ్మా" అన్నాడు పెద్దాయన. మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదే ఆవిడకు ఇంకా అవమానంగా తోచింది.

బయటికి రాగానే అరికాలి మంట నెత్తికెక్కింది. పోయిన తండ్రికి ఇన్నాళ్ళకు ఒక తమ్ముణ్ణి పుట్టించాడా ఈ ప్రబుద్ధుడు! వర్క్ వీసాకని ఊడ్చి ఇచ్చిన డబ్బుతో చుట్టపుచూపు వీసా కొనిచ్చాడా! చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు మొగుణ్ణీ పిల్లనూ ఎలా పిలిపించుకుంటారు? వాళ్ళు వచ్చే దారి ఇవాళ మూసుకుపోలేదు, అసలెప్పుడూ తెరుచుకోనే లేదు. అటు కూతురేమో తరగతిలో స్నేహితులందరికీ ఇంక వెళ్ళిపోతున్నానని చెప్పేసుకుంది.

బాబాయ్ ఊరి నుంచి వచ్చిన రోజే పంతులమ్మ అతని గదిలోకి వెళ్ళింది. అతను ఎప్పటిలాగే టీ తెప్పించాడు. ఆవిడ ముట్టుకోలేదు.

"నేను ఏ వీసా మీద ఉన్నాను బాబాయ్?"

"వర్క్ వీసా అంటే మాటలా తల్లీ? ప్రాసెస్‌లో ఉంది."

"డబ్బు మాత్రం ముందే ప్రాసెస్ అయిపోయిందిగా."

"అదిగో, డబ్బంటావు. నిన్ను కూతురిలా చూసుకున్నానే. ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందమ్మా?"

"కూతురి జీతంలో అయిదో వంతు మింగుతారా ఎవరైనా?"

అతను గ్లాసు కింద పెట్టాడు. ముఖం మీద నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం నవ్వడం మానేశాయి.

"ఎల్లుండి వీసా పొడిగింపు. నీ బ్యాచ్ మొత్తానికి. ఆఫీసులో ఒకటే ప్రశ్న అడుగుతారు, ఈయన నీకేమవుతాడని. బాబాయ్ అని చెప్పు. అబద్ధమేం కాదుగా? రోజూ పిలిచే పిలుపేగా."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే అబద్ధమాడి దేశంలోకి వచ్చింది నువ్వు. సంతకం నీది. ఇంటికి పంపించేస్తారు, మళ్ళీ రానివ్వరు. నాకేం? నా అన్న కూతురు కాదట, మోసపోయానంటాను."

పంతులమ్మ ఒళ్ళు వణికింది. భయంతో అనుకుని అతను టీ గ్లాసు ఆవిడ వైపు జరిపాడు. తాగు తల్లీ, చల్లారిపోతుంది అన్నాడు. ఆ టీ అతని నెత్తిన కుమ్మరించకుండా బయటికి రావడానికి ఆవిడ ఎంత ఓర్చుకుందో ఆవిడకే తెలుసు.

ఆ సాయంత్రం భర్తకు అంతా చెప్పింది. అతను అంతా విన్నాడు. నేను ముందే చెప్పానుగా అనలేదు. అనుంటే బాగుండేది, నాలుగు తిట్టి గుండె బరువు దించుకునేది.

"వచ్చేస్తే ఏం చేస్తామండీ?" అంది చివరికి.

"ఏం చేస్తాం, నాలుగు మిషన్లు ఎక్కువ బాగుచేస్తాను. ఈసారి డబ్బులు కూడా గట్టిగా అడుగుతాను" అన్నాడు. కాస్త ఆగి, "అమ్మాయికి మాత్రం నువ్వే చెప్పుకోవాలే. నా వల్ల కాదు" అన్నాడు.

ఆఫీసుకు వెళ్ళే రోజు బస్సులో చిన్న టీచరు ఆవిడ చెయ్యి పట్టుకుంది. పంతులమ్మ ఆ పిల్లకు ఏదీ దాచలేదు.

"అక్కా, ఒక్క మాట. బాబాయ్ అనేస్తే మన సొమ్మేం పోతుంది?"

"ఇప్పటిదాకా పోయింది చాలదా?"

"నీకేం, ఇల్లుంది, బావగారున్నారు. నన్ను పంపించేస్తే నేనెక్కడికి పోవాలి? మళ్ళీ వదిన గుమ్మంలోకా? నువ్వు కాదన్నావంటే మమ్మల్ని కూడా గుచ్చి గుచ్చి అడుగుతారు. నీ కోపానికి నా బతుకు బలి పెట్టకక్కా."

ఇది ఫోన్ కాదు, పెట్టేయడానికి. పంతులమ్మ చెయ్యి విడిపించుకోకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

వీసా ఆఫీసు హాల్లో బెంచీల నిండా ఆ బ్యాచ్ టీచర్లే. బాబాయ్ తెల్ల చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకు కూతుళ్ళను తీసుకొచ్చిన తండ్రిలా అటూ ఇటూ తిరుగుతూ మంచినీళ్ళ సీసాలు పంచుతున్నాడు. పంతులమ్మకు ఒకటి ఇచ్చి, తల నిమిరాడు. తనకంటే చిన్నవాడు తన తల నిమరడమేమిటి! ఆవిడ సీసా బెంచీ మీద పెట్టేసింది.

పిలుపు వచ్చింది. లోపల గది తలుపు సగం తెరిచే ఉంది, మాటలు హాల్లోకి వినబడుతున్నాయి. టేబుల్ వెనక నడివయసు ఆఫీసరమ్మ. ఇంగ్లీషు తడుముకుంటూ మాట్లాడుతోంది.

"బయట తెల్ల చొక్కా ఆయన మీకేమవుతారు?"

ఆ క్షణంలో పంతులమ్మకు కూతురు కళ్ళముందు కదిలింది. బాబాయ్ అంటే చాలు, ఇంకో ఆరు నెలలు గడుస్తాయి. నెల తిరిగేసరికి ఎంతో కొంత ఇంటికి చేరుతుంది. ఆ పిల్ల ఇంకో ఆరు నెలలు వస్తాను వస్తాను అనుకుంటూ ఉంటుంది. పైగా నోటికి అలవాటైన పిలుపు, అక్కడే నాలుక మీదే ఉంది. ఆశ చూపించి ఆడించడం అతనొక్కడి పనేనా, ఇకపైన తనదీ అవుతుందా?

"ఆయన నాకు ఏమీ కాడు. నేను ఇంగ్లీషు టీచర్ని. ఆయన దగ్గర పనిచేస్తున్నాను."

ఆఫీసరమ్మ కలం ఆపింది. మళ్ళీ చెప్పండి, రాసుకోవాలి అంది. పంతులమ్మ బళ్ళో డిక్టేషన్ చెప్పినట్టు, ముక్క ముక్కకూ ఆగుతూ, స్పష్టంగా, హాలంతా వినబడేలా మళ్ళీ చెప్పింది.

"మీ వీసా ఇక చెల్లదు. తప్పు సమాచారం మీద వచ్చారు కాబట్టి వెళ్ళిపోవాలి. ఇప్పట్లో మళ్ళీ రాలేరు. తెలుసా?"

"తెలుసు. మరి ఆయనకేం చేస్తారు?"

ఆఫీసరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది.

"ఆయన అన్నల కూతుళ్ళమంటూ ఏటా ఎంతోమంది వస్తారు. మీవాళ్ళవి పెద్ద కుటుంబాలేమో అనుకునేవాళ్ళం. మీరొక్కరే చెప్తే మీ ఇద్దరికీ ఏదో గొడవని రాసి కాగితం పక్కన పెడతారు. ఇంకొకరు కూడా చెప్తే అప్పుడు విచారణ. ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు."

పంతులమ్మ బయటికొచ్చేసరికి బాబాయ్ గుమ్మంలోనే ఉన్నాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఏమే, ఎంత పొగరే నీకు! నేను లేకపోతే అడుక్కుతినేదానివి. నీ మొగుడికి నాలుగు రాళ్ళు పంపించింది ఎవరనుకున్నావే? నిన్ను రోడ్డు మీద నిలబెట్టకపోతే చూడు!"

కూతురిలా చూసుకున్న నోరు అది. హాల్లో తెలుగు తెలియనివాళ్ళు కూడా తలెత్తి చూశారు. బెంచీల మీద టీచర్లు ఎవరి ఒళ్ళోకి వాళ్ళు చూసుకున్నారు. పంతులమ్మ అతనికి బదులు చెప్పలేదు. ఆవిడ చూపు చిన్న టీచరు మీద ఉంది. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని ఆవిడ వైపు కోపంగా చూస్తోంది. నన్ను మన్నించవే అనాలనిపించింది పంతులమ్మకు. కానీ తప్పు చేశానని అనిపించందే ఎలా అంటుంది?

లోపల్నుంచి మళ్ళీ పిలుపు. ఈసారి చిన్న టీచరుకే.

ఆ పిల్ల లేచింది. బాబాయ్ చటుక్కున ఇటు తిరిగాడు. ఒక్క క్షణంలో ముఖం మారింది, గొంతు మారింది, ఎక్కడలేని తీపి వచ్చిపడింది. చెయ్యెత్తి ఆ పిల్ల తల నిమరబోయాడు.

"వెళ్ళు తల్లీ, భయపడకు. బాబాయ్ ఇక్కడే ఉన్నాడుగా."

చిన్న టీచరు తల వెనక్కి లాక్కుంది. అతణ్ణి ఎగాదిగా చూసింది.

"ఎవరికండీ బాబాయ్?" అని అడిగి, లోపలికి వెళ్ళింది.